తోపులోని వేసవి యిల్లు

పోయిన సంక్రాంతికి అన్నదమ్ములము నలుగురమును ఒకచోట చేరినాము. పండుగ భోజనములు ముగిసి తాంబూలములు వేసికొనుచుండగా పెద్దన్న ఒక కాగితము తీసి నడుమ పెట్టినాడు. మా తాతగారు కట్టించిన తోపులోని యిల్లును, దాని చుట్టునున్న నేలను కొని ప్లాట్లు వేయుటకు ఎవరో అడుగుచున్నారట. ధర మంచిదే. నలుగురము సంతకములు పెట్టిన చాలును.

"ఆ యింట్లో ఏముండాదిరా? పెంకులు జారిపాయె. పాములు దప్ప ఇంకేమీ లేవు. పెట్టుకొని ఏం జేసేది?" అని పెద్దన్న అడిగినాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయినాము. లేదని అనలేము, ఉన్నదని చూపలేము. "ఉగాదిదాకా గడువియ్యి అన్నా" అని మాత్రము అడిగినాము. ఆ గడువులో మేము చూచినదియు, చదివి తెలిసికొన్నదియు ఇక్కడ వ్రాయుచున్నాము. ఇట్టి తగవు పాఠకులలో చాలమంది యిండ్లలో పుట్టియుండును, లేదా రేపో మాపో పుట్టబోవును.

ముందు మా సంగతి రెండు మాటలు. మేము ఒట్టన్‌చత్రములో ఒక కాయగూరల మండీలో లెక్కలు వ్రాయు గుమాస్తాగా ఉన్నాము. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. పొద్దుగూకువరకు అరవములో లెక్కలు వ్రాసి, ఇంటికి వచ్చి తెలుగులో మాటలాడుకొనువారము. మా ఊరి సంత సంగతి కేరళమువారిని అడిగిన చెప్పుదురు. ఇక్కడ రాత్రి ఎత్తిన టమాటాలు, మునగకాయలు తెల్లవారుసరికి మలయాళ దేశము చేరును. ఊరికి దక్షిణమున పళని కొండలు గోడ కట్టినట్లుండును. ఆ గోడమీద కోడైకానల్ ఉన్నది. మేము క్రింద వేగుచుండగా పైన మేఘములు తిరుగుచుండుట చిన్ననాటినుండి చూచుచున్నాము.

ఈ సీమకు మనవారు నిన్న మొన్న వచ్చినవారు కారు. విజయనగరపు కాలమునను, మధుర నాయకుల కాలమునను వచ్చి, నల్లరేగడి దున్ని, పాళెములు ఏలి, ఇక్కడే మన్నైనవారు. మా ఊరి ప్రక్కనే విరూపాక్షి. ఆ పాళెగాడు గోపాలనాయకుడు కుంపిణీవారితో పోరి 1801లో ఉరికంబ మెక్కినాడు. ఇప్పుడు విరూపాక్షి అనగానే కొండ అరటిపండే అందరికీ జ్ఞాపకము వచ్చును.

మా తాతగారు 1954లో కొండకు ఇవతల, చింతలును మామిళ్లును కలిసిన తోపులో మూడు గదుల యిల్లు కట్టించినారు. ఊరిలో ఇల్లు ఉన్నది గదా, ఇది యెందుకని అప్పుడే నలుగురు నవ్విరట. ఎండలకు ఊరిలో బావులు అడుగంటును. పిల్లలకు అమ్మవారు పోయును, పెద్దలకు వాంతిభేది తగులును. కోడైకానల్ ఎక్కి బంగళా తీసికొను తాహతు మాకు లేదు. కాబట్టి కొండకు ఎంత దగ్గరగా పోగలమో అంత దగ్గరగా పోయి, చెట్లక్రింద చైత్ర వైశాఖములు గడుపవలెనని ఆయన ఆలోచన. పేదవాని కోడైకానల్ అన్నమాట.

ఇంతవరకు మాకు తెలిసినదే. తెలియనిది ఫిబ్రవరి నెలలో తెలిసినది. మండీ బాకీల పనిమీద మేట్టుపాళయము ఉర్లగడ్డ సంతకు పోవలసివచ్చినది. పని రెండవ దినము మధ్యాహ్నమునకే తీరినది. అక్కడి గుమాస్తాగారు ఒకరు, "ఇంత దూరం వచ్చితిరి, కోత్తగిరికి బస్సు ఉండాది, కన్నేరిముక్కు పోయి ఆ పాతబంగళా చూచి రాండి" అన్నారు. పోయినాము.

కోత్తగిరికి దగ్గరలోనే కన్నేరిముక్కు అను చిన్న ఊరు ఉన్నది. బడగలు ఉండు ఊరు. అక్కడ ఒక పాత యిల్లు. పెత్తకల్ బంగళా అందురు. నీలగిరులమీద తెల్లదొరలు కట్టించుకొన్న మొట్టమొదటి యిల్లు అదే. కట్టించినవాడు జాన్ సలివన్. 1815 నుండి 1830 వరకు కోయంబత్తూరు కలెక్టరుగా నున్నవాడు.

ఆ కథ ఇది. 1818లో సలివన్ క్రింది ఉద్యోగులు ఇద్దరు, విష్, కిండర్స్లీ అనువారు, కొండ ఎక్కి వచ్చి పైన చలువసీమ ఉన్నదని చెప్పినారు. 1819 జనవరిలో కలెక్టరు తానే బయలుదేరి ఎక్కినాడు. అప్పుడు బాట లేదు. అడవి, బండలు, జలుబు జ్వరములు. దింబట్టి అను లోయ చేరి ఆ గాలి పీల్చి ఇక వదలలేకపోయినాడు. అదే సంవత్సరము లెషెనో అను ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు జబ్బుతో నడవలేని స్థితిలో ఈ కొండ చేరి కోలుకొన్నాడు. ఈ మాట పట్నమువరకు ప్రాకినది. సలివన్ అక్కడ ఇల్లు కట్టించినాడు. తరువాత కొద్ది యేండ్లకే క్రిందనుండి దింబట్టికి బాట వేయించినాడు.

పిమ్మట ఆయన ఇంకను లోపలికి పోయి, తోడవారివద్ద ఎకరము ఒక రూపాయి చొప్పున నేల కొని, 1822లో ఉదకమండలములో రాతిబంగళా మొదలుపెట్టినాడు. చెరువు త్రవ్వించినాడు. ఉర్లగడ్డ మొదలైన సీమ కాయగూరలు పండించి చూపినాడు. చెన్నపట్నపు సర్కారు వేసవిలో కచ్చేరీలతోసహా ఆ కొండ ఎక్కు ఆచారము తరువాత ఏర్పడినది. 2022లో ఉదకమండలమునకు రెండువందల యేండ్లు నిండినవని వేడుకలు చేసినారు. అంత పెద్ద ఊరి కథకును మొదటి పుట కన్నేరిముక్కులోని ఆ చిన్న యిల్లే.

అంతటి యిల్లు ఏమైనది? దొర ఉదకమండలమునకు పోయినతరువాత దానిని తలచినవారు లేరు. చేతులు మారి, కప్పు పోయి, పాడుపడినది. ఈ శతాబ్దము మొదటి యేండ్లలో జిల్లా అధికారులు పూనుకొని దానిని బాగుచేయించినారు. ఇప్పుడు అందులో నీలగిరుల చరిత్రకు సంబంధించిన పాత పటములు, పత్రములు భద్రపరచి అందరికీ చూపుచున్నారు. మేము పోయిన దినమున మాతోపాటు ఒక బడిపిల్లల గుంపు మాత్రమే వచ్చినది. ఉదకమండలములో బొటానికల్ తోట దగ్గర కాలు పెట్టుటకు చోటుండదు. ఇక్కడ మా చెప్పుల చప్పుడు మాకే వినబడినది.

అక్కడ నిలుచున్నప్పుడు మాకు తట్టిన సంగతి ఒకటి చెప్పెదము. మేము ఇరువది యేండ్లుగా మండీ పుస్తకములో కోసుగడ్డ, కేరెట్టు, బీట్రూటు, ఉర్లగడ్డ అని వ్రాయుచున్నాము. మా తాత ముత్తాతలకు ఈ పేర్లు తెలియవు. ఎండ ఓర్వలేక ఒకడు కొండ ఎక్కి ఇల్లు కట్టుకొన్నాడు. ఇంటి ముందర తన దేశపు విత్తనములు చల్లినాడు. ఆ చల్లినది కొండలన్నిటికి ప్రాకి, రెండువందల యేండ్ల తరువాత ఒట్టన్‌చత్రములో ఒక గుమాస్తాకు జీతమైనది. ఇంటి విలువ గోడలలో మాత్రమే లేదని అప్పుడు తెలిసినది.

"తెల్లదొర యింటిని మనమెందుకయ్యా నెత్తిన పెట్టుకొనుట?" అని కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. ఆ నేల తోడవారిది, కోతలది, బడగలది. దొరల వెనుక వచ్చిన తోటలు వారి మేతబీళ్లను చాలవరకు మ్రింగినవి. సలివన్ తోడవారికి తమ నేలమీద హక్కున్నదని పై అధికారులతో వాదించినవాడే. అయినను తలుపు తెరచినవాడును అతడే. ఇల్లు నిలిచియుండుటచేతనే ఈ రెండు మాటలును అక్కడ నిలబడి చెప్పుకొనగలుగుచున్నాము. ఇల్లు కూలిన పిమ్మట పొగడ్త మిగులును, లేదా తిట్టు మిగులును. సాక్ష్యము మిగులదు.

మన మండ్రో దొరను తలచుకొనుడు. రాయలసీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకొన్నారు. ఆయన గవర్నరుగా 1826లో నీలగిరులకు వచ్చి సలివన్ అతిథిగా నున్నాడు. మరుసటి యేడు, 1827 జూలైలో, పత్తికొండలో వాంతిభేది తగిలి పోయినాడు. అంతటి గవర్నరుకే ఎండసీమలో ఆ గతి పట్టినప్పుడు చలువయిల్లు అనగా విలాసము కాదు, ప్రాణరక్షణ అని తెలియును. మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండమీద కడప కలెక్టరు హార్స్లీ వేసవి బంగళా కట్టించినాడు. అంతటితో కొండ పేరే హార్స్లీ హిల్సు అయిపోయినది. ఒక యింటికి ఎంత బలమున్నదో చూడుడు.

మా కొండ కథయు ఇట్టిదే. 1834లో మధుర సబ్ కలెక్టరు రాటన్ అనునతడు షెంబగనూరు దగ్గర చిన్న బంగళా వేయించినాడు. అదే సంవత్సరము అమెరికానుండి మిషనువారు మధురకు వచ్చినారు. జ్వరములకు, వాంతిభేదికి వారిలో పెద్దలును పిల్లలును పోవుచుండిరి. మొదట దిండుక్కల్లు ప్రక్కనున్న సిరుమలైమీద ఇల్లు కట్టి చూచినారు. అక్కడ మలేరియా విడువలేదు. అప్పుడు పళని కొండలు ఎక్కి, 1845లో సన్నీసైడు, షెల్టను అను రెండు యిండ్లు కట్టినారు. కోడైకానల్ ఊరు వాటినుండి పెరిగినది. చెరువు ఆ తరువాత 1863లో, కలెక్టరు లెవింజి పూనికతో ఏర్పడినది.

ఆ యిండ్లకు సామాను ఎట్లు చేరినది? పెరియకుళము ప్రక్కనుండి, కృష్ణమనాయకుని తోపు అనుచోటినుండి కొండదారి మొదలగును. తోపు పేరులోనే మనవాని పేరున్నది. అక్కడినుండి దొరలను, దొరసానులను, పిల్లలను కుర్చీలలోను, డోలీలలోను కూర్చుండబెట్టి కూలీలు భుజములమీద మోసినారు. వంటపాత్రలు, మంచములు, కిటికీ అద్దములు నెత్తులమీద ఎక్కినవి. 1875లో అమ్మయనాయకనూరివరకు రైలు వచ్చినను కొండ ఎక్కుట మాత్రము కాళ్లతోనే. 1910 దాటిన తరువాత మోటారు బాట పడువరకు ఇదే వాడుక. ఇల్లు కట్టించినవారి పేర్లు పుస్తకములలో ఉన్నవి. మోసినవారి పేర్లు ఎందులోను లేవు. పాత బంగళాలో ఒక దూలము చూచినప్పుడు దానిని పైకి తెచ్చిన భుజము జ్ఞాపకము రావలెను. వారికి వేరే గుర్తు లేదు గదా.

మేము తెలిసికొన్నంతలో పాత వేసవి యింటికి మూడు విధములైన విలువ ఉన్నది.

మొదటిది, అది తరువాతివాటికి కారణమగుట. ముందు ఒక యిల్లు, దాని వెనుక బాట, బాట వెనుక సంత, సంత వెనుక ఊరు. మొదటి యిల్లు తీసివేసిన ఊరు ఎందుకు అక్కడ పుట్టినదో చెప్పలేము.

రెండవది, అందులోని పనివాని తెలివి. కరెంటు లేని దినములలో ఎండను ఎట్లు ఆపినారో ఆ యిల్లే చెప్పును. మా తోపుయింటినే చూడుడు. మూరెడు మందము మట్టిగోడ. దానిమీద సున్నపు గార. ఆ సున్నములో కరక్కాయ నీళ్లు, తాటిబెల్లము కలిపి నూరించినారని మా అవ్వ చెప్పెడిది. తాటి దూలములు, నాటు పెంకులు. పడమటి గోడకు కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నము చింతచెట్టు నీడ సరిగా కప్పుమీద పడునట్లు ఇంటిని నిలిపినారు. ఏప్రిలు నెలలో మేము ఊరియింట ఫ్యాను క్రింద చెమట కార్చుచుందుము, అక్కడ ఉత్తచాపమీద నిద్ర పట్టును.

మూడవది, ఆ యింటిలో జరిగినది. ఇది ఏ ఇంజనీరు కొలతకును చిక్కదు. మా విషయములో అసలు సంగతి ఇక్కడనే ఉన్నది.

మా బడిలో తెలుగు లేదు. మా నాయనకును లేదు. వేసవిలో తోపుయింటికి పోయిన దినములలో తాతగారు ముందరి పంచలో ఇసుక పోయించి, మనుమలనందరిని వరుసగా కూర్చుండబెట్టి, చూపుడువ్రేలు పట్టి అ ఆ ఇ ఈ దిద్దించెడివారు. పొద్దున ఎండ ముంగిట గడపదాకా వచ్చువరకు అక్షరములు. తరువాత మామిడికాయలు. తప్పు వ్రాసినవానికి కాయ లేదు. మేము 'ఱ' వ్రాయలేక ఒక దినమెల్ల కాయ లేక ఏడ్చినాము. ఆ రెండు నెలల చదువు తప్ప మాకు వేరు తెలుగు చదువు లేదు. ఈ పత్రిక చదువగలుగుచున్నాము, ఈ నాలుగు ముక్కలు వ్రాయగలుగుచున్నాము అన్న, అది ఆ పంచలోని ఇసుకవలననే. తాతగారు పోయిన తరువాత పుట్టిన మా తమ్ముని పిల్లలకు తెలుగు మాట వచ్చును, అక్షరము రాదు. మా కూతురికి కొంత మేము నేర్పినాము, కాని ఆ క్రమము లేదు.

ఉగాదినాడు మరల నలుగురము కూర్చున్నాము. మేము కన్నేరిముక్కు కథ చెప్పినాము. రెండవ అన్న లోకజ్ఞానము కలవాడు. "అది కలెక్టరు యిల్లురా. సర్కారు కాపాడె. మన యింటిని ఏ చట్టం కాపాడేది?" అన్నాడు. అతడన్నది నిజము. 1958 నాటి పురాతన కట్టడముల చట్టము ప్రకారము నూరేండ్లయినను నిండవలెను. మన రాష్ట్రములో 2012లో వారసత్వ సంఘము చట్టము చేసినారు, కాని మూడు గదుల పెంకుటిల్లు ఎవరి పట్టికలోను చేరదు. మా యింటికి డెబ్బదియేండ్లు దాటినవి. నూరేండ్లు నిండువరకు దానిని నిలుపవలసినవారము మేమే. చట్టము వచ్చుసరికి ఇల్లుండవలెను గదా అని మేమంటిమి.

పెద్దన్న చాలసేపు పలుకలేదు. తరువాత, "నాకును ఆ ఇసుక గెప్తి ఉండాదిలేరా. నీకు కాయ లేనినాడు నా కాయలో సగం ఎవరిచ్చిరి?" అన్నాడు. అయినను ఆయన అవసరము ఆయనది. పిల్లల చదువులకు అప్పులున్నవి. అమ్మవద్దని ఊరకే మొండిపట్టు పట్టుట మాకును ధర్మము కాదు. తుదకు ఇట్లు ఒప్పుదల అయినది. ఇల్లు, చింతచెట్టు, బావి కలిపి పండ్రెండు సెంట్లు మా భాగమునకు విడిచిపెట్టుట. మిగిలిన నేల అమ్మి ముగ్గురును పంచుకొనుట. మాకు రొక్కము రాదు.

ఈ మాట ఇంటిలో చెప్పినప్పుడు మా యింటావిడ, "రొక్కము వచ్చియుండిన పిల్ల కాలేజీ ఫీజు కట్టియుందుము గదండీ. ఇప్పుడు ఆ పెంకులు తీసుకొనిపోయి కాలేజీలో కట్టేదా?" అని అడిగినది. దానికి మావద్ద జవాబు లేదు, ఇప్పటికిని లేదు. ఫీజుకు మండీలో అడ్వాన్సు తీసికొన్నాము. జీతములో నెలనెలా పట్టుకొనుచున్నారు. ఇట్టి విలువలను గూర్చి వ్రాయువారు ఖర్చును దాచరాదని ఈ సంగతి కూడ చెప్పుచున్నాము.

వైశాఖమాసములో ముందరిగది కప్పు మాత్రము సరిచేయించినాము. పాములేమియు కనబడలేదు, ఒక ఉడుము మాత్రము ఉండెను. పంచలో ఇసుక పోయించి, ఆదివారములు వచ్చిన అక్షరములు దిద్దించెదమని మనవారి యిండ్లలో చెప్పినాము. మొదటి ఆదివారము తొమ్మిదిమంది పిల్లలు వచ్చిరి. రెండవ ఆదివారము అయిదుగురు. ఒకడు ఫోను తీసి ఇసుకను పటము పట్టుకొని పోయి మరల రాలేదు. చివరకు ముగ్గురు నిలిచిరి. అందులో తమ్ముని చిన్నకూతురు ఒకతె. ఆమె 'ఱ' మొదటిసారియే సరిగా వ్రాసినది. మేము మామిడికాయ ఇచ్చినాము.

2024 మేనెల నుండి కోడైకానలుకును ఉదకమండలమునకును పోవు వాహనములకు హైకోర్టు ఉత్తరువు ప్రకారము ముందుగా ఈపాసు తీసికొనవలెనను నిబంధన వచ్చినది. కొండ మోయలేనంత జనము ఎక్కుచున్నారు. అక్కడికి పోవువారిని మేము వలదనము. పోయినవారు చెరువు, పూలతోట చూచిన తరువాత పాత యిల్లు ఒకటి వెదకి చూడుడు. కన్నేరిముక్కు పోగలిగిన తప్పక పోవుడు.

అంతకంటె ముఖ్యమైన మనవి ఒకటి. మన సంఘ సభ్యుల యిండ్లలో పాత తోపుయిండ్లు, సావిళ్లు, మండువాలు ఇంకను కొన్ని ఉన్నవి. నిలుపగలిగినవారు నిలుపుడు. నిలుపలేనివారిని తప్పుపట్టు అధికారము మాకు లేదు. కాని కూల్చుటకు ముందు ఒక పూట ఖర్చుపెట్టి గదుల కొలతలు తీయుడు. ఎవరు, ఏ యేట, ఎందుకు కట్టించినారో ఇంటిలోని ముసలివారిని అడిగి వ్రాసికొనుడు. కట్టిన మేస్త్రి పేరు తెలిసిన అదియును వ్రాయుడు. మా తోపుయిల్లు కట్టిన మేస్త్రి పేరు మా అవ్వకు తెలిసియుండెను. మేము అడుగలేదు.

మా వెనుకగది కప్పుమీద ఇంకను రెండువందల పెంకుల దాకా మార్చవలసియున్నది. ఆడి మాసపు గాలులు మొదలుకాకముందే ఆ పని ముగించవలెను.